చేప వీపు మీద పంచాంగం

"సార్, సముద్రంలో చేప ఎటు పోయిందో ఎట్ల తెలుస్తది? జీపీఎస్ పెడతరా?" నల్లగొండలో మా తొమ్మిదో తరగతి పిల్లాడు అడిగాడు. సాగర్ నీళ్ళు తప్ప సముద్రం ఎరగనివాడు, అయినా అసలు చిక్కునే పట్టుకున్నాడు.

జీపీఎస్ రేడియో తరంగాలు ఉప్పునీళ్ళలోకి దిగవు. ట్యూనాలాంటి చేపేమో పైకి తేలేది తక్కువ. అందుకే వీపు రెక్క పక్కన గుచ్చే ట్యాగులో గడియారం, వెలుతురు కొలిచే సెన్సర్ ఉంటాయి. చేప ఎక్కడుందో చెప్పడానికి ఆ రెండే ముఖ్య ఆధారం.

ఎట్లాగో చూపిద్దామని డిసెంబర్ చివర్లో బడి ఆవరణలో కర్ర పాతి, చుట్టూ గుండ్రంగా గీత గీశాం. నీడ కొన ఆ గీతను పొద్దున 10:40కి తాకింది, మళ్ళీ 1:46కి తాకింది. రెండింటికీ నడిమి సమయం 12:13, అదే అక్కడి అసలు మిట్టమధ్యాహ్నం. "పన్నెండు కాదా సార్?" కాదు. మన గడియారం కాకినాడ పక్కగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశానిది. నల్లగొండ 79.3 దగ్గర ఉంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు, అందుకే ఈ 13 నిమిషాల తేడా. మహబూబ్‌నగర్‌లో ఇదే 18. ట్యాగు కూడా అచ్చం ఇదే చేస్తుంది. వెలుతురు వచ్చిన క్షణం, పోయిన క్షణం, వాటి నడిమి సమయం: అదే రేఖాంశం.

అక్షాంశం పగటి నిడివిలో ఉంది. జూన్‌లో మనకు పగలు 13 గంటల పైచిలుకు, శ్రీనగర్‌లో 14 దాటుతుంది. పంచాంగంలో దినప్రమాణం అని ఉండేది ఇదే. రాహుకాలం కోసం పేజీలు తిప్పేవాళ్ళు దాన్ని వదిలేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పిల్లలకు ముందు చూపించాల్సింది అదే.

మార్చి, సెప్టెంబర్ నెలల్లో విషువత్తు రోజుల దగ్గర పగలు అంతటా దాదాపు సమానం కాబట్టి అక్షాంశం చిక్కదు. తెల్లవారుతుండగా చేప లోతుకు మునిగితే ట్యాగుకు ఇంకా తెల్లారనట్టే. అప్పుడు ట్యాగు రాసుకున్న లోతును చూసి వెలుతురు లెక్క సవరిస్తారు, అది కొలిచిన నీటి వేడిని ఉపగ్రహాలు కొలిచిన సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతతో పోల్చి చోటు సరిచూస్తారు.

గడువు తీరగానే ట్యాగు సన్నని లోహపు ముక్కలోకి కరెంటు పంపుతుంది. ఉప్పునీళ్ళలో అది కరిగి తెగిపోతుంది, ట్యాగు పైకి తేలి ఆర్గోస్ ఉపగ్రహాలకు లెక్కలు పంపుతుంది. 2003 నవంబరులో దక్షిణాఫ్రికా తీరంలో నికోల్ అనే తెల్ల సొరచేపకు వేసిన ట్యాగు 99 రోజులకు ఆస్ట్రేలియా పడమటి తీరాన తేలింది. సుమారు 11,000 కిలోమీటర్లు! 2004 ఆగస్టులో నికోల్ మళ్ళీ దక్షిణాఫ్రికాలోనే కనిపించింది. ఈసారి ట్యాగు లేదు, వీపు రెక్క అంచున ఉన్న గాట్లను బట్టి గుర్తుపట్టారు.