పాత మిలిటరీ హెల్మెట్లు: రంగు చూసి మోసపోకండి, రంగు గీకి పాడుచేసుకోకండి

చిక్‌పేట సండే బజార్ ముగిసిన మర్నాడు నా వాట్సాప్ నిండా హెల్మెట్ ఫోటోలే. "అన్నా, ఇది ఒరిజినలేనా?" అని ఒకటే ప్రశ్న. ఫోటో మాత్రం ఎప్పుడూ పైనుంచే తీస్తారు. లోపలిది కూడా తీసి పంపండి అంటే, "లోపలేముందన్నా, తుప్పే కదా" అంటారు. బెంగళూరులో పాత మిలిటరీ సామాను కొని, గుర్తుపట్టి, శుభ్రం చేసి అమ్మడం నా పని. ఒక్కొక్కరికీ అదే జవాబు చెప్పి చెప్పి నోరు నొప్పి పుడుతోంది కాబట్టి ఒకేచోట రాసి పడేస్తున్నా. ముందు రెండు మాటలు: షెల్ అంటే పైనుండే స్టీలు డొప్ప, లైనర్ అంటే లోపల తలకు ఆనే తోలు లేదా గుడ్డ పొర.

అపోహ: గద్ద బొమ్మ ఉంటే జర్మన్‌ది, పులి బొమ్మ ఉంటే నేతాజీ సైన్యానిది

అందరికంటే ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. హెల్మెట్ మీద అన్నిటికన్నా సులువుగా మార్చగలిగింది పైరంగు. ఒక స్ప్రే డబ్బా, ఒక స్టిక్కర్, పైన కాస్త టీ డికాక్షన్, రెండు రోజుల ఎండ. అంతే, ప్రపంచయుద్ధం తయారు. పైగా పాత హెల్మెట్ల నకళ్లు చేసి విదేశాలకు ఎగుమతి చేసే కార్ఖానాలు మన దేశంలోనే ఉన్నాయి. వాళ్లు నకలు అని చెప్పే అమ్ముతారు, అందులో తప్పేమీ లేదు. మధ్యలో చేతులు మారేటప్పుడు ఆ మాట ఒక్కటీ ఎగిరిపోతుంది.

ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే గుంటూరు కుర్రాడు ఒకడు టవల్లో చుట్టి ఒకటి తెచ్చాడు. ఎడమ పక్క గద్ద, కుడి పక్క మూడు రంగుల షీల్డ్, అంటే డాలు బొమ్మ. దాని ధర చెబితే వాళ్లమ్మ ఇంట్లోకి రానివ్వదట. నేను బొమ్మల వైపు చూడకుండా అంచు మీద వేలు పెట్టి తిప్పాను. అంచు లోపలికి మడత పడలేదు, రేకు కోసినట్టు పదునుగా ఉంది. జర్మన్ హెల్మెట్లలో 1935, 1940 మోడళ్లకు అంచు మడిచి ఉంటుంది. పని తగ్గించుకోడానికి 1942 మోడల్‌లో ఆ మడత మానేశారు. ఆర్మీ హెల్మెట్ల మీద మూడు రంగుల షీల్డ్‌ను 1940లోనే ఆపేశారు. 1942లో పుట్టిన షెల్ మీద 1940లో పోయిన షీల్డ్ ఎందుకుంటుంది? లోపల ఎడమ వైపు టార్చ్ వేసి చూశాం. తయారీదారు అక్షరాలు, సైజు అంకె, అంటే ఈటీ 64 లాంటి ముద్ర, ఉండాలి. ఏమీ లేదు. లైనర్‌ను పట్టుకునే మూడు రివెట్లూ నిన్నగాక మొన్న కొట్టినట్టు తళతళలాడుతున్నాయి.

"అమ్మినవాడు సర్టిఫికెట్ కూడా ఇచ్చాడన్నా" అన్నాడు పాపం. ప్రింటరున్న ప్రతివాడూ సర్టిఫికెట్ ఇవ్వగలడు తమ్ముడూ అన్నాను. ముఖం మాడిపోయింది. తిట్టాలనిపించలేదు. వాళ్ల తాత యుద్ధానికి వెళ్లొచ్చాడట, ఆయన గుర్తు ఒక్కటీ ఇంట్లో మిగల్లేదట. ఆ ఖాళీని చూసే అమ్మేవాడు కథ అల్లుతాడు.

ఇంకో హెల్మెట్ మీద స్వస్తిక్ గీసినాయన నాలుగు గడుల్లో నాలుగు చుక్కలు కూడా పెట్టాడు. గడపకు పసుపు కుంకుమ పెట్టే అలవాటు చేయి మానలేదు మరి.

నేతాజీ పేరు చెబితే ఇక బేరం కూడా ఆడరు మనవాళ్లు. ఆజాద్ హింద్ ఫౌజ్ ఎక్కువగా వాడింది బ్రిటిష్ వాళ్ల నుంచి చేజిక్కిన ఆయుధాలనూ సామానునూ. కాబట్టి వాళ్ల నెత్తిన ఉన్న హెల్మెట్‌కూ, ఎదుటివాడి నెత్తిన ఉన్నదానికీ తేడా చెప్పే గుర్తు ఏదీ షెల్‌లో ఉండదు. దూకే పులి బొమ్మ నేతాజీ జర్మనీలో పెట్టిన ఇండియన్ లీజియన్ అనే దళం వాళ్ల భుజం బ్యాడ్జీ మీదిది. బ్రిటిష్ హెల్మెట్ మీద కొత్త పెయింట్‌తో పులి కనిపిస్తే అది పెయింటర్ దేశభక్తి.

అసలు జర్మన్ హెల్మెట్ మన దగ్గర దొరకనే దొరకదా అంటే, దొరకొచ్చు. ఉత్తర ఆఫ్రికాలో 4వ ఇండియన్ డివిజన్, ఇటలీలో 4, 8, 10 డివిజన్లు జర్మన్లతో పోరాడాయి, జవాన్లు గుర్తుగా తెచ్చుకున్నవీ ఉంటాయి. అలాంటివి ఒక ఇంటి అటక మీంచి, ఒక పేరుతో, ఒక ఫోటోతో, డిశ్చార్జి కాగితాలతో వస్తాయి. ఒకే కొట్లో అరడజను వరసగా వేలాడవు.

అపోహ: తుప్పు గీకి, రంగేసి మెరిపిస్తే రేటు పెరుగుతుంది

బజారులో కొత్త రంగుకు డబ్బిస్తారు. ఇంట్లో ఉన్న పాత రంగును వీళ్లే చేతులారా గీకి పారేస్తారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

కోలారు వైపు నుంచి ఒకావిడ వచ్చింది. వాళ్ల తాత మద్రాస్ సాపర్స్‌లో, అంటే సైన్యంలోని ఇంజనీర్ల దళంలో చేశాడు. ఆయన హెల్మెట్ ఇన్నాళ్లూ పశువుల కొట్టంలో కోళ్లకు నూకలు పోసే గిన్నెగా ఉంది. అలాగే ఉన్నా బాగుండేది. ఎవరో చెప్పారని మరిది వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లి, గ్రైండర్‌కు వైర్ బ్రష్ తగిలించి నున్నగా చేయించి, వెండి రంగు కొట్టించాడు. "మెరుస్తోందన్నా, ఇప్పుడెంత పలుకుతుంది?" అని ఆశగా అడిగింది.

తిరగేసి చూపించాను. చిన్‌స్ట్రాప్ తగిలించే లగ్ వెనక, బ్రష్ దూరని చోట, వేలి గోరంత పాత రంగు మిగిలింది. మట్టి రంగు, తాకితే ఇసుక కాగితంలా గరగర. ఆ గరుకు తుప్పూ కాదు, మురికీ కాదు. ఎండకు, వెన్నెలకు తళుక్కుమనకుండా రంగులో ఇసుకో రంపప్పొట్టో కలిపి వేసేవాళ్లు. అమెరికా ఎమ్1 హెల్మెట్ల మీద అదే పనికి కార్క్ పొడి వాడారు. ఈ గరుకునే మనవాళ్లు మురికనుకుని రుద్దుతారు. దాంతో పాటే యూనిట్ గుర్తు, అంచు కింద రాసుకున్న సిపాయి నంబరు, ఒక్కోసారి పేరు కూడా పోతాయి. ఆవిడకు రేటు బాధ కన్నా ఆ పేరు బాధ ఎక్కువైంది. అంచు కింద కొట్టిన ముద్ర లోతుగా ఉండబట్టి టార్చ్ పక్కకు వంచి పట్టుకుంటే 1941 అని చదవగలిగాం. దానికే కళ్లు తుడుచుకుంది.

చేయాల్సింది తక్కువే. పొడి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి. తుప్పు పొడిగా రాలుతుంటే అక్కడ మాత్రం పలచగా మిషన్ ఆయిల్ అద్ది తుడవండి. లైనర్ తోలుకు, గుడ్డకు నూనె తగలనివ్వకండి. యాసిడ్, చింతపండు, వాటర్ పేపర్ దగ్గరికి రానీయకండి. పాత మిలిటరీ రంగుల్లో సీసం ఉండొచ్చు, రుద్దితే ఆ పొడి మీ ఇంట్లోనే తేలుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

అపోహ: అంచుకు రంధ్రాలుంటే తూటా దెబ్బలు

రెండో యుద్ధం నాటి బ్రిటిష్ హెల్మెట్ మార్క్ 2 అంచు మీద వరసగా చిన్న గుండ్రటి రంధ్రాలుంటే, అది యుద్ధానికి పనికిరాని మెత్తటి స్టీలని ఫ్యాక్టరీలోనే పెట్టిన గుర్తు. అలాంటివి బాంబు దాడులప్పుడు ఊళ్లో జనాన్ని కాపాడే సివిల్ డిఫెన్స్ వాళ్లకిచ్చారు. ముందు డబ్ల్యూ అక్షరం ఉంటే వార్డెన్‌ది. తక్కువ చేసి చూడకండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులేశాయి, ఆ నెలలోనే మద్రాసు జనం మూటాముల్లె సర్దుకుని ఊరు ఖాళీ చేశారు. ఆ భయంలో రాత్రి వీధుల్లో దీపాలార్పించింది ఈ వార్డెన్లే. తూటా దూరితే రేకు లోపలికి చీలి పూరేకుల్లా విచ్చుకుంటుంది. చుట్టూ నున్నగా ఉంటే డ్రిల్ మిషన్ పని.

అపోహ: అయస్కాంతం అంటుకోకపోతే నకిలీ

సరిగ్గా తిరగబడిన మాట. మార్క్ 2కూ అమెరికా ఎమ్1కూ వాడింది హాడ్‌ఫీల్డ్ మాంగనీస్ స్టీల్, అందులో మాంగనీస్ 12 శాతం పైమాటే. దానికి అయస్కాంతం పెద్దగా పట్టదు. జర్మన్ షెల్‌కు పడుతుంది. ఇందాక చెప్పిన మెత్తటి స్టీల్ వార్డెన్ హెల్మెట్‌కూ పడుతుంది. ఒక్క అయస్కాంతంతో ఏదీ తేలదు.

అపోహ: పళ్లెం ఆకారంలో ఉంటే మొదటి ప్రపంచయుద్ధానిదే

ఈ పళ్లెం హెల్మెట్ రూపొందించిన బ్రోడీ పేటెంట్ 1915ది. అదే ఆకారం రెండో యుద్ధంలోనూ నడిచింది. నడినెత్తిన చూడండి. లైనర్‌ను రివెట్ పట్టుకుంటే పాతది. స్క్రూ, నట్టు ఉంటే చాలావరకు మార్క్ 2. మన దగ్గర దొరికేవి దాదాపు ఇవే.

అపోహ: యుద్ధంలో తూటా ఆపింది, బండి మీద నన్ను కాపాడదా?

బుల్లెట్ బండి కుర్రాళ్లూ, దండం పెడతా. ఇవి పైనుంచి పడే పెంకుల కోసం చేసినవి. రైఫిల్ తూటాను కూడా ఆపవు. రోడ్డు మీద పడితే దెబ్బ తాకిడిని పీల్చుకునే థర్మోకోల్ పొర వీటిలో లేదు. ఐఎస్ఐ ముద్ర ఉన్నది పెట్టుకోండి. పక్కనే గ్యాస్ మాస్క్ కనిపిస్తే సెల్ఫీ కోసం కూడా మొహానికి పెట్టుకోవద్దు. రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ మాస్కుల ఫిల్టర్లలో చాలావాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది.

అపోహ: ఇంట్లో ఉంచుకుంటే పోలీసు కేసు

దీని గురించి రాత్రిళ్లు ఫోన్ చేసేవాళ్లున్నారు. తాత పెట్టె తెరిస్తే హెల్మెట్ బయటపడుతుంది, ఇక ఇల్లంతా టెన్షన్. ఆయుధాల చట్టం ఆయుధాల గురించి, మందుగుండు గురించి. హెల్మెట్ రెండూ కాదు. హాయిగా షెల్ఫ్‌లో పెట్టుకోండి. అదే పెట్టెలో తూటాలో, గ్రనేడ్ లాంటిదో కనిపిస్తే మాత్రం ముట్టుకోకుండా గది మూసి పోలీసులకు ఫోన్ చేయండి.

చట్టం అడ్డొచ్చేది దేశం దాటించేటప్పుడు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువులను సొంతంగా విదేశాలకు పంపకూడదు. మొదటి యుద్ధం నాటి హెల్మెట్లు ఇప్పుడు ఆ గీత దాటేశాయి. డల్లాస్‌లో ఉన్న బావగారికి కొరియర్ చేసే ముందు ఏ సంవత్సరానిదో ముద్ర చదివించుకోండి. రెండో యుద్ధానిదైనా సరే, కస్టమ్స్ వాళ్లు అడిగితే చూపించడానికి ఇది పురావస్తువు కాదని ఆర్కియలాజికల్ సర్వే నుంచి సర్టిఫికెట్ తీసుకుని పంపండి.