వెర్షన్ ఎంతో చివరికి తేల్చేదెవరు?

జావాలో పనిచేసేవాళ్లకు బాగా పరిచయమైన ఎర్రర్ ఒకటుంది: నోసచ్‌మెథడ్‌ఎర్రర్. కంపైల్ శుభ్రంగా అవుతుంది, టెస్టులు పాసవుతాయి, సర్వర్ మీద పెట్టాక ఏదో ఒక రిక్వెస్టు దగ్గర కూలిపోతుంది. లైబ్రరీ (వేరేవాళ్లు రాసిపెట్టిన, మనం వాడుకునే కోడ్) సోర్స్ తెరిస్తే ఆ మెథడ్ కళ్లెదుటే ఉంటుంది, నడుస్తున్న జార్‌లో, అంటే కంపైలైన కోడ్ మూట కట్టిన ఫైలులో, మాత్రం ఉండదు. మనం రాసుకున్న వెర్షన్ ఒకటి, బిల్డ్‌లోకి వచ్చి కూర్చున్నది ఇంకొకటి. ఈ తేడా ఈనాటిది కాదు.

2000లో యాంట్ అనే బిల్డ్ టూల్ (సోర్స్‌ను కంపైల్ చేసి ప్రోగ్రాముగా కూర్చేది) విడిగా రిలీజ్ అయినప్పుడు లైబ్రరీలు తెచ్చిపెట్టే పని అది పెట్టుకోలేదు. జార్ ఫైళ్లు డౌన్‌లోడ్ చేసుకుని, లిబ్ అనే ఫోల్డర్‌లో పడేసి, సోర్స్‌తో పాటే కమిట్ చేసేవారు. ఫైలు పేరులో నంబరు ఉంటే అదృష్టం, లేకపోతే జార్ విప్పి లోపలి మేనిఫెస్ట్ అనే వివరాల ఫైలులో వెతుక్కోవాలి. ఈ పద్ధతిని ఇప్పుడు అందరూ వెక్కిరిస్తారు గానీ దానిలో ఒక సుగుణం ఉండేది. ఫోల్డర్‌లో ఏది ఉంటే అదే నడిచేది, దాన్ని ఒక మనిషి చేత్తో పెట్టేవాడు.

2004 జులైలో మేవెన్ అనే ఇంకో బిల్డ్ టూల్ 1.0 వచ్చింది. గ్రూపు పేరు, లైబ్రరీ పేరు, వెర్షన్ రాస్తే చాలు, లైబ్రరీలు దాచి ఉంచే ఆన్‌లైన్ రిపాజిటరీ నుంచి అదే తెచ్చుకుంటుంది. అసలు మలుపు మాత్రం 2005 అక్టోబరులో వచ్చిన మేవెన్ 2.0. మనం అడిగిన లైబ్రరీయే కాక, దానికి కావలసినవి, వాటికి కావలసినవి కూడా తనంతట తనే లాక్కురావడం మొదలైంది. వీటినే ట్రాన్సిటివ్ డిపెండెన్సీలు అంటారు. పది లైన్లు రాస్తే వంద జార్లు దిగడం మామూలైపోయింది. ఆ వందలో ఒకే లైబ్రరీని ఇద్దరు రెండు వెర్షన్లలో అడిగితే? ఆ తీర్పు మనిషి చేతిలోంచి టూల్ చేతిలోకి వెళ్లిపోయింది.

మేవెన్ తీర్పు చిత్రంగా ఉంటుంది. వెర్షన్ కొత్తదా పాతదా అని అది చూడదు, మన ప్రాజెక్టుకి ఏది దగ్గరగా ఉందో చూస్తుంది. మూడు మెట్లు దాటి వచ్చే 2.0 కన్నా రెండు మెట్లలో వచ్చే 1.0దే పైచేయి. దూరం సమానమైతే పామ్ ఫైలులో (ప్రాజెక్టుకి కావలసినవి రాసే మేవెన్ ఫైలు) ముందు రాసినది గెలుస్తుంది. అంటే రెండు లైన్లు అటూ ఇటూ మార్చి రాసినా ప్రొడక్షన్‌లో నడిచే జార్ మారిపోవచ్చు!

2012లో 1.0కి చేరిన గ్రేడిల్ అనే బిల్డ్ టూల్ ఇంకో దారి పట్టింది. వచ్చిన వాటిలో అన్నిటికన్నా కొత్త వెర్షన్ ఏదైతే అదే తీసుకుంటుంది. అవే డిపెండెన్సీలు, రెండు టూల్స్, రెండు ఫలితాలు. మేవెన్‌లో మన పామ్ ఫైలులో నేరుగా 1.0 అని రాసుకుంటే 1.0 వస్తుంది. గ్రేడిల్‌లో అలాగే రాసినా, ఎక్కడో లోపలి లైబ్రరీ 2.0 అడిగితే 2.0 వస్తుంది. బిల్డ్‌ను మేవెన్ నుంచి గ్రేడిల్‌కి మార్చేవాళ్లు తడబడేది ఎక్కువగా ఇక్కడే.

కొత్తది తీసుకుంటే క్షేమమనీ లేదు. గూగుల్ వారి గువావా లైబ్రరీలో స్టాప్‌వాచ్ అనే చిన్న క్లాసు ఉంది. 17వ వెర్షన్‌లో దాని కన్‌స్ట్రక్టర్‌ను, అంటే ఆబ్జెక్టు తయారుచేసే భాగాన్ని, బయటివాళ్లకు మూసేశారు. దాన్ని నేరుగా పిలిచే హెచ్‌బేస్ అనే డేటాబేస్ పాత కోడ్ కొత్త గువావా పక్కన పడగానే ఇల్లీగల్‌యాక్సెస్‌ఎర్రర్ ఇచ్చేది. హెచ్‌బేస్‌కి ఆధారమైన హడూప్ (భారీ డేటా సాఫ్ట్‌వేర్) క్లస్టర్లు నడిపినవాళ్లలో చాలామందికి ఇది అనుభవమే.

మళ్లీ పగ్గాలు మనిషి చేతికి తెచ్చుకునే ప్రయత్నమే ఆ తర్వాతి కథంతా. మేవెన్ పేరెంట్ పామ్‌లో, అంటే అన్నిటికీ పైన ఉండే పామ్‌లో, వెర్షన్లన్నీ ఒకచోట రాసి, మాడ్యూళ్లలో (ప్రాజెక్టులోని భాగాల్లో) పేర్లు మాత్రమే రాసుకునే వీలు ఇచ్చింది. 2.0.9 నుంచి వేరేవాళ్లు తయారుచేసిన అలాంటి జాబితాను, అంటే బామ్‌ను, ఇంపోర్ట్ చేసుకోవడం కుదిరింది. 2014లో వచ్చిన జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్ ఈ పద్ధతిని ఊరూరా చేర్చింది. ఒక్క బూట్ వెర్షన్ ఎంచుకుంటే, కలిసి పనిచేస్తాయని వాళ్లు పరీక్షించిన వందల వెర్షన్లు దానితోపాటే వస్తాయి.

దీని విలువ 2021 డిసెంబరులో తెలిసొచ్చింది. లాగ్‌లు రాసే లైబ్రరీ లాగ్‌ఫోర్‌జే2లో లాగ్‌ఫోర్‌షెల్ అనే భద్రతా లోపం బయటపడ్డాక నెల తిరక్కుండానే 2.15.0, 2.16.0, 2.17.0, 2.17.1 వరసగా వచ్చాయి. ప్యాచ్ వేశాం అని మెయిల్ పెట్టేలోపే ఇంకో ప్యాచ్, మళ్లీ టెన్షన్. వెర్షన్ ఒకచోట ఉన్నవాళ్లు ప్రతిసారీ ఒక లైను మార్చారు. బూట్ వాడేవాళ్లకైతే ఒక ప్రాపర్టీ సరిపోయింది. మిగతావాళ్లు డిపెండెన్సీ ట్రీ ప్రింట్ చేసుకుని, తాము ఎన్నడూ అడగని లాగ్‌ఫోర్‌జే ఎవరి వెనకాల లోపలికి వచ్చిందో వెతుక్కున్నారు.

గ్రేడిల్ వైపు, ముఖ్యంగా ఆండ్రాయిడ్ ప్రాజెక్టుల్లో, చాలాకాలం ఎవరికి తోచింది వాళ్లు చేశారు. మొదట రూట్ ఫైలులో వెర్షన్లు రాసుకునే ఎక్స్‌ట్ బ్లాకు. తర్వాత బిల్డ్‌ఎస్‌ఆర్‌సీ ఫోల్డర్‌లో ఒక కోట్లిన్ ఆబ్జెక్టు. ఆటో కంప్లీట్ వస్తుందని దీని మీద మోజు పెరిగింది గానీ, అందులో ఒక్క నంబరు మారిస్తే బిల్డ్ దాదాపు మొత్తం మళ్లీ నడిచేది. చివరికి 2021లో గ్రేడిల్ 7.0తో వెర్షన్ కేటలాగ్ ప్రయోగాత్మకంగా వచ్చింది, 2022లో 7.4తో స్థిరపడింది. ఒక టామ్ల్ ఫైలు (సాదా టెక్స్ట్‌లో సెట్టింగ్స్ రాసేది), అందులో వెర్షన్లు, లైబ్రరీలు, ప్లగిన్లు. మాడ్యూళ్లు ఎక్కువున్న ప్రాజెక్టుకి నా దృష్టిలో ఇంతకన్నా చక్కటి ఏర్పాటు లేదు.

అయితే చాలామంది దీన్ని బామ్ లాంటిదే అనుకుంటున్నారు, అది పొరపాటు. కేటలాగ్‌లో రాసేది మనం అడిగే వెర్షన్ మాత్రమే. లోపలి లైబ్రరీ ఏదైనా అంతకన్నా కొత్తది అడిగితే గ్రేడిల్ పాత అలవాటు ప్రకారం కొత్తదే తీసుకుంటుంది, టామ్ల్ ఫైలు మాత్రం పాత నంబరే చూపిస్తూ ఉంటుంది. ట్రాన్సిటివ్‌గా వచ్చేవాటి మీద కూడా మన మాట చెల్లాలంటే ప్లాట్‌ఫామ్ (గ్రేడిల్‌లో బామ్ లాంటిది) గానీ కన్‌స్ట్రెయింట్ (వెర్షన్ మీద షరతు) గానీ పెట్టాలి, పాత వెర్షన్‌కి దిగాల్సి వస్తే స్ట్రిక్ట్‌లీ అని రాయాలి. నిజంగా ఏది వచ్చిందో, ఎవరు తెచ్చారో చెప్పేది డిపెండెన్సీ ఇన్‌సైట్ టాస్కు. అప్‌గ్రేడ్ పుల్ రిక్వెస్టులో టామ్ల్ మార్పుతో పాటు ఆ టాస్కు అవుట్‌పుట్ కూడా పెట్టమని రివ్యూ చేసేవాళ్లు అడగడం మొదలుపెడితే మంచిది.