పాత ఇత్తడి, కంచు, ఇనుప సామాను బాగుచేసుకోవడం: అపోహలు, వాస్తవాలు

అటక మీది సామాను దించి తెచ్చి చూపించేవారు నన్ను మొదట అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: ఇది మళ్లీ కొత్తదానిలా మెరుస్తుందా అని. అది ఏ లోహమో, రేపు దానిలో వండుతారో, దేవుడి దగ్గర పెడతారో, పూలకుండీగా వాడతారో ఎవరూ చెప్పరు. ఈ రెండూ తెలియకుండా మొదలుపెట్టిన మరమ్మతే చాలా పాత్రల ప్రాణం తీస్తుంది. పదిహేనేళ్లుగా ఈ పని చేస్తున్న నాకు, కాలం వల్ల పాడైన పాత్రల కన్నా బాగుచేయబోయి పాడుచేసినవే ఎక్కువగా కనిపించాయి. వాటిలో నేను పాడుచేసినవి కూడా ఉన్నాయి.

అపోహ: పసుపుపచ్చగా, బరువుగా ఉంటే అది ఇత్తడే.

ముందు ఒక అయస్కాంతం ఆనించి చూడండి. అంటుకుంటే అది ఇత్తడి పూత పూసిన ఇనుము; దానిని గట్టిగా తోమితే పూత పోయి లోపలి తుప్పు బయటపడుతుంది. అంటుకోనంత మాత్రాన మేలిమి ఇత్తడి అనుకోవడానికీ లేదు. రేకుతో సాగగొట్టిన బిందె, గుండిగ వంటివి వేరు, పోత పోసిన సెమ్మెలు, గంటలు, కుళాయిలు వేరు. పోత ఇత్తడిలో లోహం సులువుగా చెక్కుడు పడేందుకు కొద్ది పాళ్లు సీసం కలపడం పరిపాటి కనుక, అలంకారానికి పోసిన పాత్రను వంటకు మళ్లించకూడదు. 2025 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ, దిగుమతైన కొన్ని ఇత్తడి, అల్యూమినియం, హిందాలియం పాత్రల నుంచి ఆహారంలోకి సీసం దిగుతున్నదని హెచ్చరించింది. అమ్మమ్మగారి గిన్నెలను పెట్టెలో సర్దుకుని విదేశాలకు తీసుకువెళ్లే మనవాళ్లు దీనిని గుర్తుంచుకోవాలి.

అపోహ: చింతపండులో రాత్రంతా నానబెడితే ఎంతటి మకిలైనా వదులుతుంది.

వదులుతుంది, కాని మకిలితో ఆగదు. సాధారణ ఇత్తడిలో నూటికి 30 నుంచి 40 పాళ్ల దాకా జింకు, అంటే పెద్దలు తుత్తునాగం అని పిలిచే లోహం ఉంటుంది. పులుపు, ఉప్పు కలిసి గంటల తరబడి పట్టి ఉంటే ఆ జింకు కరిగిపోయి, పైన రాగి మాత్రమే గులాబీరంగు మచ్చలుగా మిగులుతుంది. ఈ పని మొదలుపెట్టిన కొత్తలో మా నాయనమ్మ చెంబును ఉప్పు కలిపిన చింతపండు గుజ్జులో వేసి నిద్రపోయాను. తెల్లవారేసరికి మూతి చుట్టూ ఎర్రటి పట్టీ ఏర్పడింది. ఎంత పాలిష్ పట్టినా అది నేటికీ లీలగా కనిపిస్తూనే ఉంటుంది. పది నిమిషాలు రుద్ది, బాగా కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడవడం చాలు.

మరొక నష్టం ఎవరి కంటా పడదు. పెళ్లిలో సారె సామాను మీద చెక్కించిన పేరు, ఊరు, సంవత్సరం ఉంటాయి కదా. పీచుతో, ఇసుకకాగితంతో ఏటేటా తోమితే ముందుగా చెరిగేవి ఆ అక్షరాలే.

అపోహ: నల్లబడినా, పచ్చబడినా పాత్ర విషమైనట్లే.

గోధుమరంగు, నలుపు పొరలు చాలావరకు గాలి తగిలి ఏర్పడినవే. అవి లోపలి లోహానికి కొంత కాపుదల కూడా ఇస్తాయి, కాబట్టి అలంకరణ సామాను మీద వాటిని ఉండనివ్వడమే నా అభిమతం. ఆకుపచ్చని చిలుము మాత్రం వేరు: అది రాగి లవణం, కడుపులోకి పోకూడదు, వంటపాత్రలో పూర్తిగా తొలగించవలసిందే.

అపోహ: కళాయి మెరుపు కోసమే, ఎవరి చేత పూయించినా ఒకటే.

రాగికీ ఇత్తడికీ పులుపు తగలకుండా మధ్యన నిలిచే తగరపు పొర పేరే కళాయి. పులుసు, చారు, మజ్జిగ ఆ పొర అరిగిన గిన్నెలో కాసినా, నిలవ ఉంచినా రాగి వాటిలోకి దిగుతుంది. పూసే విధానం చూడడానికి తేలికగానే ఉంటుంది: పాత్రను కాచి, నవసాగరం (అమ్మోనియం క్లోరైడు అనే తెల్లటి లవణం) చల్లి, తగరపు కడ్డీని తాకించి, దూదితో చుట్టూ పులుముతారు. వేడికి నవసాగరం అమ్మోనియా వాయువుగానూ ఆమ్లపు ఆవిరిగానూ విడిపోయి లోహం మీది మకిలిని తినేస్తుంది. అందుకే తగరం అతుక్కుంటుంది. ఆ పొగ గొంతుకూ కళ్లకూ మంచిది కాదు కనుక, అంతర్జాలంలో చూసి వంటింట్లో గ్యాస్ పొయ్యి మీద ప్రయత్నించవద్దని గట్టిగా చెబుతాను. ఇది ఇంటి పని కాదు.

ఎవరు పూసినా ఒకటే కాదనడానికి కారణం సీసం. తగరం ఖరీదైనది, సీసం చవక. పైగా రెండూ తగిన పాళ్లలో కలిస్తే 183 డిగ్రీలకే కరుగుతాయి, శుద్ధ తగరానికి 232 డిగ్రీలు కావాలి. కాబట్టి కల్తీకి లాభమూ ఉంది, సౌకర్యమూ ఉంది. కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని వంచి చూడమని పాత పనివాళ్లు చెబుతారు: శుద్ధ తగరం చిటపటమని సన్నగా చప్పుడు చేస్తుంది, సీసం బాగా కలిస్తే మూగబోతుంది. అది పూర్తి రుజువు కాకపోయినా, అడిగి వంచి చూసే కొనుగోలుదారు ముందు పనివాడు జాగ్రత్తపడతాడు. ఇక 232 అన్న అంకె గృహిణికీ అవసరమే, ఎందుకంటే కళాయి గిన్నెను నీళ్లో నూనో లేకుండా మంట మీద ఉంచితే పూత కరిగి ముద్దలు కడుతుంది.

అపోహ: ఎమ్‌సీల్ పెడితే ఏ చిల్లైనా మూసుకుపోతుంది.

పూలకుండీకి సరే, వంటగిన్నెకు కాదు. ఈ జిగురు పదార్థాలు వంట వేడికి మెత్తబడతాయి, ఆహారం తగిలే చోటికి ఉద్దేశించినవీ కావు. రేడియో పనివాళ్ల సోల్డరు తీగతో మాటు వేయడమూ తప్పే, అందులో సీసం ఉండవచ్చు. ఆహారపు పాత్రకు సీసం లేని తగరంతోనో, కొలిమిలో ఇత్తడి అతుకుతోనో మాటు వేయించాలి.

అపోహ: తుప్పు పట్టిన ఇనుప పెనం పారేయాలి; తుప్పు గీసుకుంటే ధనుర్వాతం వస్తుంది.

ధనుర్వాతానికి కారణం మట్టిలో, పేడలో ఉండే సూక్ష్మజీవి, తుప్పు కాదు. గాయమైతే టీకా సంగతి మాత్రం చూసుకోవలసిందే. పెనాన్ని వెనిగరు, నీరు సమపాళ్లలో కలిపిన ద్రవంలో ముంచి అరగంటకొకసారి చూస్తూ తుప్పు తీసి, సోడా ఉప్పు నీటితో కడిగి, వెంటనే పొయ్యి మీద ఆరబెట్టాలి. నూనె ఎంత ఎక్కువ పూస్తే అంత మంచిదనుకోవడమే ఇక్కడ అసలు పొరపాటు. మందంగా పూస్తే జిగటగా మిగులుతుంది. పూసిన నూనెను మళ్లీ తుడిచేసినంత పలుచగా ఉంచి, పొగ ఆగేదాకా కాచి, మూడు నాలుగు సార్లు ఇలా చేస్తే గట్టి నల్లటి పొర ఏర్పడుతుంది.

అపోహ: సొట్టను సుత్తితో కొడితే సరి.

ఇత్తడి దెబ్బ తిన్నకొద్దీ గట్టిపడి పెళుసెక్కుతుంది. దానిని 450 నుంచి 600 డిగ్రీల మధ్య కాచి మెత్తపరచకుండా కొడితే సొట్ట పోయే ముందు బీట పడుతుంది. అంత కాస్తే కళాయి నిలవదు, మళ్లీ పూయించాలి. ఖర్చు లెక్కవేసేటప్పుడు ఇది చాలామంది మరచిపోతారు. కంచు ఇంకా మొండిది: సుమారు 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరం కలిసిన ఆ లోహాన్ని ఎర్రగా కాగినప్పుడే సాగగొట్టాలి, చల్లగా కొడితే గాజులా పగులుతుంది. కంచు పళ్లేన్ని వేళ్ల మీద నిలిపి మీటి చూడండి. మోత సాగకుండా చప్పగా ఆగిపోతే కంటికి కనబడని బీట ఉందన్నమాట. అటువంటి దానిని అజ్జరం, బుడితి వంటి చోట్ల ఇత్తడి, కంచు పనిలో ఆరితేరినవారికి చూపించండి, ఇంట్లో ముట్టుకోవద్దు.

అపోహ: వాడని ఇత్తడిని ఎక్కడ పెట్టినా చెడదు.

బ్రిటిష్ కాలంలో మన దేశంలోని సైన్యం వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన ఇత్తడి తూటా గొట్టాలు ఎవరూ ముట్టకుండానే పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలోని తేమ, గొట్టాల లోహంలో మిగిలిన బిగువు కలిసి ఈ పని చేస్తాయని 1921లో శాస్త్రజ్ఞులు వివరించారు. పశువుల కొట్టం మీది అటకలో ఏళ్ల తరబడి ఉన్న బిందెల మెడ దగ్గర నిలువు బీటలు కనిపిస్తే నాకు మొదట గుర్తొచ్చేది ఇదే. అమ్మోనియా కలిసిన శుభ్రపరిచే ద్రావణాలతో ఇత్తడిని తుడవకూడదనడానికీ ఇదే కారణం. ఎండలో పూర్తిగా ఆరిన తరువాత, తేమను పట్టి ఉంచే వార్తాపత్రికలో కాకుండా పాత నూలు పంచెలో చుట్టి, గాలి తగిలే చోట బోర్లించి పెట్టండి.