సోమశిలలో నీళ్లొక శాఖవి, చేపలొక శాఖవి, అడవింకో శాఖది

నెల్లూరు జిల్లా సోమశిల డ్యామ్ నీళ్లలో చేపల వేటకి ఎవర్ని అడగాల అంటే ఒక్క మాటలో చెప్పేవాళ్లు లేరు. ఈ చిక్కు ఎట్ట పడిందో తెలియాలంటే డ్యామ్ కట్టిన కాలానికి పోవాల.

పెన్నా మీద పని 70ల్లో మొదలై 1989 దాకా సాగింది. అప్పుడు లెక్కంతా నీళ్లదే, 78 టీఎంసీలు నిలబెట్టాల, నెల్లూరు ఆయకట్టుకి ఇయ్యాల. కడప వైపు అట్లూరు, ఒంటిమిట్ట మండలాల్లో ఊళ్లకి ఊళ్లే ఖాళీ అయినయ్. 1983లో తెలుగుగంగ ఒప్పందంతో మద్రాసు తాగునీళ్లు కూడా దీని మీదే పడ్డయ్, ఈడ నుంచి కండలేరు జలాశయానికి, ఆడ నుంచి మద్రాసు దగ్గర పూండి చెరువుకి, 1996లో మొదటిసారి చేరినయ్.

ఆ లెక్కల్లో చేప ఊసే లేదు. వరదకి ఎదురెక్కి గుడ్లు పెట్టే జాతులకి కట్ట అడ్డం పడింది. ఇప్పుడు వలలో పడే బొచ్చె, శీలావతి అసలు పెన్నా చేపలే కాదు, గంగ వైపు నుంచి తెచ్చినవి, నిలవ నీళ్లలో సరిగ్గా గుడ్లు పెట్టవు, అందుకే మత్స్యశాఖ పిల్లలు వదలాల, అవి పెరగాల, అప్పుడే జాలరికి కూడు. పిల్ల వదిలిన ఏడాది నీళ్లు అడుక్కి పోతే అది బతకదు. 2021 నవంబరులో పైన పెన్నాలో కలిసే చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ తెగి వరదొచ్చినట్టు ఎప్పుడన్నా వస్తే, గేట్లెత్తినప్పుడు పెరిగిన చేప కూడా కిందకి పోతది. రైతుకి పంట నష్టం రాసుకునేవాళ్లు ఉంటారు, ఇట్ట పోయిన చేపని ఎవరు లెక్క రాస్తారు చెప్పండి.

అడవి రూల్స్ ఇంకా తర్వాత వచ్చినయ్. 1997లో వెలిగొండల్లో వెయ్యి చదరపు కిలోమీటర్లకి పైగా పెనుశిల నరసింహ అభయారణ్యంగా ప్రకటించారు, పెంచలకోన స్వామి పేరే అది. నేను దానికి వ్యతిరేకం కాదు, ఆ కొండల్లో చెట్టు పోతే మట్టంతా కొట్టుకొచ్చి పూడిక పడతది, అది నీళ్లకీ దెబ్బే చేపకీ దెబ్బే. కానీ జాలరికి తెప్ప కట్టుకోను, వల ఆరేసుకోను ఒడ్డు కావాల. మత్స్యశాఖ లైసెన్సు నీళ్లలో వేటకే, అభయారణ్యంలో అడుగు పెట్టాలంటే అటవీశాఖ అనుమతి వేరే తీసుకోవాల.

నెల్లూరులో ఐఏబీ (సాగునీటి సలహా మండలి) మీటింగు పెట్టి ఎన్ని ఎకరాలకి నీళ్లిస్తారో తేలుస్తా ఉంటారు. మత్స్యకార సొసైటీల్నీ ఫారెస్టు వాళ్లనీ ఆడే కూర్చోబెట్టి, చేపకోసం అడుగున ఎన్ని టీఎంసీలు ఉంచుతారో, ఏ రేవుల్లో తెప్పలు కట్టుకోవచ్చో కాయితం మీద రాసియ్యాల.