పిండ మార్పిడి ఎవరి పని? సర్జన్ చేతి నుంచి ల్యాబ్ దాకా

ఒక ఆవు పిండాన్ని ఇంకో ఆవు గర్భంలో పెట్టి దూడను పుట్టించడమే పిండ మార్పిడి. ఈ పనిలోకి వెళ్లాలనుకునే విద్యార్థులు ముందుగా అడిగేది ఒకటే. పశువైద్య డిగ్రీ ఉండి తీరాలా, బయోటెక్నాలజీ చదివినా సరిపోతుందా? దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం. ఒకే ఉద్యోగంగా మొదలైన ఈ పని యాభై ఏళ్లలో మూడు నాలుగు ఉద్యోగాలుగా చీలిపోయింది. కొత్త పద్ధతి వచ్చిన ప్రతిసారీ పనిలో ఒక ముక్క ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్లింది.

మొదటి ప్రయోగం ఆవుల మీద జరగలేదు. 1890లో ఇంగ్లండ్‌లో వాల్టర్ హీప్ అంగోరా జాతి కుందేలు నుంచి రెండు పిండాలు తీసి, బెల్జియన్ హేర్ జాతి కుందేలు గర్భంలో పెట్టాడు. ఆ కుందేలు అప్పటికే తన జాతి మగదానితో కలిసి ఉంది. అది ఈనిన ఆరు పిల్లల్లో నాలుగు బెల్జియన్, రెండు అచ్చమైన అంగోరా. మోసిన తల్లి ప్రభావం పిల్ల జాతి మీద పడుతుందా అన్నది హీప్ ప్రశ్న. పడదని తేలింది. పాడి గురించి ఆయన ఆలోచించినట్టు లేదు.

ఆవుల దాకా ఈ పద్ధతి రాకముందే కృత్రిమ గర్భధారణ పాతుకుపోయింది. 1936లో డెన్మార్క్ రైతులు దానికోసం సహకార సంఘం పెట్టుకున్నారు, 1938లో అమెరికాలోని న్యూజెర్సీలో అలాంటిదే వచ్చింది. 1949లో క్రిస్ పోల్జ్, ఆయన సహచరులు గ్లిజరాల్ కలిపితే గడ్డకట్టించిన వీర్యం బతుకుతుందని కనుక్కున్నారు. సీసాల లేబుళ్లు తారుమారు కావడం వల్ల దొరికిన ఫలితం అది! ఎదకొచ్చిన ఆవుకు వీర్యం వేయడం శిక్షణ పొందిన టెక్నీషియన్ల పనిగా స్థిరపడింది. డాక్టర్ వచ్చేదాకా ఆగితే ఎద దాటిపోతుంది. పిండ మార్పిడి ఎవరు చేయాలన్న విషయంలో తర్వాత వచ్చిన తగాదాకు మూలం ఇక్కడే ఉంది.

మేలురకం ఆబోతు వీర్యంతో వేల దూడలు పుట్టించవచ్చు. మేలురకం ఆవు మాత్రం ఏడాదికి ఒక్క దూడనే ఇస్తుంది. ఆ లెక్క మార్చాలన్న ప్రయత్నంలో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఎల్విన్ విల్లెట్ బృందం పిండ మార్పిడితో తొలి దూడను పుట్టించి, 1951లో ఆ విషయం ప్రకటించింది. పొట్ట కోసి చేసే ఆపరేషన్ కావడంతో చాలా ఏళ్లు ఇది పరిశోధనగానే ఉండిపోయింది. కేంబ్రిడ్జిలో టిమ్ రోసన్ బృందం మాత్రం పట్టు వదల్లేదు. గొర్రె పిండాలను కుందేలు కడుపులో పెట్టి విమానంలో దక్షిణాఫ్రికా పంపితే, అక్కడి గొర్రెలకు గొర్రెపిల్లలు పుట్టాయి. 1960ల మొదట్లో జరిగిన ఈ పని వింతగా అనిపించినా, పశువును కదిలించకుండా జాతిని దేశం దాటించవచ్చని అది చూపించింది.

దీన్ని వ్యాపారంగా మార్చింది గాలికుంటు వ్యాధి భయం. ఉత్తర అమెరికా పశుపోషకులకు సిమెంటల్, లిమోసిన్, షారోలే లాంటి ఐరోపా జాతులు కావాలి. క్వారంటైన్ నిబంధనలు కఠినంగా ఉండటంతో దిగుమతయ్యేవి కొన్నే, వాటి ధర ఆకాశంలో ఉండేది. అలా వచ్చిన ఒక ఆవు నుంచి ఏడాదికి పది దూడలు తీయగలిగితే ఎంత ఖర్చయినా పెట్టడానికి మనుషులు సిద్ధపడ్డారు. 1970ల మొదట్లో కెనడాలో, అమెరికాలో పిండ మార్పిడి కేంద్రాలు వెలిశాయి. దాత ఆవును అక్కడికే తోలుకొచ్చి, మత్తిచ్చి, ఆపరేషన్ చేసి పిండాలు తీసేవారు. పిండాలు మోయడానికి వందల ఆవులను మంద కట్టి ఉంచేవారు. సర్జరీలో చెయ్యి తిరిగిన పశువైద్యుడు, ఆపరేషన్ థియేటర్, పెద్ద మంద అన్నీ ఉన్నవాళ్లకే ఈ రంగంలో చోటు. 1974లో డెన్వర్‌లో అంతర్జాతీయ పిండ మార్పిడి సంఘం ఏర్పడినప్పుడు ఈ పని స్వరూపం ఇది.

రెండేళ్లు తిరక్కుండానే అది తలకిందులైంది. మనుషులకు మూత్రం తీయడానికి వాడే ఫోలీ కాథెటర్‌ను ఆవు గర్భాశయంలోకి పంపి, ద్రవంతో కడిగి పిండాలను బయటికి తేవచ్చని 1976 ప్రాంతంలో పలు బృందాలు విడివిడిగా చూపించాయి. కత్తి అక్కర్లేదు. పాడి రైతులు ఈ వైపు చూడటం అప్పుడే మొదలైంది, ఎందుకంటే పాలిచ్చే ఆవును ఆపరేషన్ బల్ల ఎక్కించడానికి ఎవరూ ఇష్టపడరు. పని క్లినిక్ నుంచి కొట్టంలోకి వచ్చింది. జీపులో మైక్రోస్కోపు, కాథెటర్లు, గడ్డకట్టించినవి ఉంచే ద్రవ నైట్రోజన్ క్యాను వేసుకుని ఊళ్లు తిరిగే పశువైద్యుడి ఉద్యోగం అప్పుడు పుట్టింది.

ఆ పని తీరు మౌలికంగా ఇప్పటికీ అదే. దాత ఆవుకు నాలుగు రోజులు పూటపూటా అండాలను ఎదిగించే ఎఫ్ఎస్‌హెచ్ అనే హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తారు. ఒక్క అండం విడుదలయ్యే చోట చాలా అండాలు విడుదలవుతాయి. ఎదకొచ్చాక వీర్యం వేసి, ఏడో రోజున గర్భాశయాన్ని కడుగుతారు. సగటున అయిదారు మంచి పిండాలు దొరుకుతాయి. సగటు అంటున్నాం గానీ, ఒక ఆవు ఇరవై ఇచ్చి పక్కనే ఉన్న ఆవు ఒక్కటీ ఇవ్వకపోవడం మామూలే. రైతుకు ఆ సున్నా గురించి నచ్చజెప్పడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే, దాన్ని ఏ కాలేజీలోనూ నేర్పరు.

1973లో ఇయాన్ విల్మట్, రోసన్ కలిసి గడ్డకట్టించిన పిండం నుంచి తొలి దూడను పుట్టించారు. తర్వాత క్లోనింగ్‌తో పుట్టిన డాలీ గొర్రెతో ప్రపంచమంతా పేరు మోగింది ఈ విల్మట్‌దే. అసలు మలుపు 1990లలో వచ్చింది. ఎథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం కలిపిన ద్రవంలో గడ్డకట్టించిన పిండాన్ని కరిగించి, మైక్రోస్కోపు కింద పెట్టకుండానే నేరుగా గర్భాశయంలో వేయవచ్చని తేలింది. వీర్యం వేసే టెక్నీషియన్ ఇది కూడా చేయగలడు కదా? కొన్ని దేశాలు చేయనిచ్చాయి, కొన్ని పశువైద్యులకే వదిలాయి. ఎగుమతి విషయంలో మాత్రం అంత సందిగ్ధం లేదు. పిండాలు సేకరించే బృందానికి బాధ్యుడిగా పశువైద్యుడు ఉండాలని ఐరోపా దేశాల ఉమ్మడి ఆదేశం 1989లోనే చెప్పింది. పిండాన్ని పదిసార్లు కడిగి, దాని పైపొర చెక్కుచెదరలేదని చూసి, కాగితం మీద సంతకం పెట్టే బాధ్యత అది.

ఇంతలో ల్యాబ్ ముందుకొచ్చింది. 1981లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఐవీఎఫ్ (ఒంటి బయట ఫలదీకరణ) దూడ వర్జిల్ పుట్టింది. 1980ల చివర నెదర్లాండ్స్ పరిశోధకులు అల్ట్రాసౌండ్ సాయంతో బతికున్న ఆవు అండాశయం నుంచి నేరుగా అండాలు లాగే పద్ధతి తెచ్చారు. దీన్ని భారీ ఎత్తున అందిపుచ్చుకుంది బ్రెజిల్. అక్కడి నెలోర్ ఆవుల నుంచి ఒక్కసారికే ఎక్కువ అండాలు వస్తాయి. ఆ జాతి మూలం మన ఒంగోలు పశువులే. 2009లో అమెరికాలో హోల్‌స్టీన్ పాడి ఆవులకు జీనోమ్ ఆధారిత అంచనాలు, అంటే జన్యువులు చూసి పశువు మేలురకమో కాదో ముందే చెప్పడం, అధికారికంగా మొదలయ్యాక, ఇంకా ఈనని పెయ్యలే విలువైన దాతలయ్యాయి. 2016లో ప్రపంచవ్యాప్తంగా ల్యాబ్‌లో తయారైన పిండాల సంఖ్య ఆవు కడుపులోంచి కడిగి తీసినవాటిని తొలిసారి దాటింది.

కొట్టంలో అండాలు లాగేది సాధారణంగా పశువైద్యుడు. ఆ తర్వాత ఒక రోజు అండాలను పక్వానికి తేవడం, ఫలదీకరణ, ఏడు రోజుల పెంపకం అన్నీ ఎంబ్రియాలజిస్టు చేతిలో ఉంటాయి. ఆయనకు పశువైద్య డిగ్రీ అక్కర్లేదు. మొదట్లో అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడ రెండుగా చీలుతుంది. బయోటెక్నాలజీ చదివినవాళ్లకు ఇంక్యుబేటర్ దగ్గర చోటుంది, కొట్టంలో కష్టం. నా ఉద్దేశంలో ఇబ్బంది ఎక్కువ పడుతున్నది సొంతంగా జీపేసుకుని తిరిగే పాతతరం పశువైద్యుడే. ల్యాబ్ పెట్టాలంటే ఒక్కడి పెట్టుబడి చాలదు, పెట్టకపోతే ఏదో ఒక కంపెనీకి అండాలు లాగిచ్చే కాంట్రాక్టు మనిషిగా మిగలాలి.

ఈ వృత్తికి శారీరకమైన ఖరీదు కూడా ఉంది. ఏళ్ల తరబడి పశువు పేడతోవలో చెయ్యి పెట్టి పరీక్షించేవాళ్లకు భుజం, మణికట్టు నొప్పులు తప్పడం అరుదు. ఎదను ఒకే వేళకు తేవడానికి వాడే ప్రోస్టాగ్లాండిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. గర్భిణులు, ఆస్తమా ఉన్నవాళ్లు దాన్ని ముట్టుకోవడమే ప్రమాదం. చేరేముందు ఈ సంగతులు చెప్పేవాళ్లు తక్కువ.

ప్రకటనల్లో మైక్రోస్కోపు ఫొటోలే కనిపిస్తాయి గానీ, రోజులో ఎక్కువ సమయం పిండాలు మోసే ఆవుల దగ్గరే గడిచిపోతుంది. అవి దాతతో ఒకే వేళకు ఎదకొచ్చాయా, ఏ అండాశయం మీద కార్పస్ లూటియం (అండం విడుదలైన చోట ఏర్పడే గడ్డ) ఉంది, అటువైపు గర్భాశయ కొమ్ములోనే పిండం పడిందా అన్నవి చూడాలి. ఇవన్నీ సరిగా కుదిరి, తాజా మంచి పిండం వేసినా చూడి కట్టేవి సుమారు సగం నుంచి అరవై శాతమే. అందుకే ఈ రంగంలోకి వచ్చే పశువైద్యుడు ముందు కొన్నేళ్లు చూడి పరీక్షలు, తిరగపొర్లే (చూడి కట్టక మళ్లీ మళ్లీ ఎదకొచ్చే) ఆవులకు చికిత్స లాంటి మామూలు కేసుల్లో చెయ్యి తిప్పుకోవడం మేలు. జీతం తక్కువే, కానీ లోపల తగిలేది ఏమిటో వేళ్లకు తెలిసేది అక్కడే.