క్రిస్టో, జాన్-క్లోడ్: గుడ్డ చుట్టడమేనా?

ఆరుబయట ఇన్‌స్టాలేషన్లు, అంటే ఒక చోటును కొన్నాళ్లపాటు కళగా మార్చే నిర్మాణాలు, చేయడం నా పని. పెద్ద పెద్ద భవనాలకు బట్ట చుట్టిన కళాకారులు క్రిస్టో, ఆయన భార్య జాన్-క్లోడ్ పేరెత్తితే చాలు, కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి.

అపోహ: భవనానికి గుడ్డ చుట్టడం ఎవరైనా చేస్తారు.

వాస్తవం: బెర్లిన్‌లోని పార్లమెంటు భవనం రైష్‌టాగ్‌ను చుట్టాలన్న ఆలోచన వాళ్లకు 1971లో వచ్చింది. చుట్టింది 1995లో. ఆ 24 ఏళ్లూ ఎంపీలను కలుస్తూ, కాదన్నవాళ్ల దగ్గరికే మళ్లీ వెళ్తూ గడిపారు. చివరికి 1994 ఫిబ్రవరిలో జర్మన్ పార్లమెంటు దీని మీద చర్చించి ఓటు వేసింది: అనుకూలం 292, వ్యతిరేకం 223. లక్ష చదరపు మీటర్ల వెండిరంగు బట్ట, 15 కిలోమీటర్లకు పైగా నీలం తాడు. 14 రోజులకు అంతా విప్పేశారు. అనుమతుల కోసం తిరిగిన ఆ ఏళ్లు కూడా కళలో భాగమేనని వాళ్లు నమ్మారు. ఒక చిన్న పందిరి వేయడానికి నెలల తరబడి ఆఫీసుల మెట్లెక్కిన నాకు ఆ నమ్మకమే ధైర్యం.

అపోహ: ప్రజల సొమ్ము తగలేశారు.

వాస్తవం: స్పాన్సర్లను, ప్రభుత్వ నిధులను వాళ్లు ఒప్పుకోలేదు. క్రిస్టో ముందుగా వేసిన డ్రాయింగులు, కొలాజ్‌లు (ముక్కలు అతికించి చేసే చిత్రాలు) అమ్మి ఖర్చు పెట్టుకున్నారు. చూడటానికి టికెట్ కూడా లేదు.

అపోహ: కళాకారుడు ఆయన, ఆవిడ మేనేజర్.

వాస్తవం: ఇది నాకు బాధ కలిగించే మాట. డ్రాయింగులు క్రిస్టో ఒక్కరే వేసేవారు, నిజమే. కానీ ఆరుబయటి పనులు ఇద్దరివీ. 1994లో పాతవాటికి కూడా ఇద్దరి పేర్లూ పెట్టారు. ఇద్దరూ పుట్టింది ఒకే రోజు, 1935 జూన్ 13న. ఆవిడ 2009లో, ఆయన 2020లో పోయారు. మరుసటి ఏడాది ప్యారిస్‌లో ఆర్క్ ద ట్రియోంఫ్ అనే విజయ తోరణాన్ని చుట్టినప్పుడు కూడా పేర్లు రెండూ ఉన్నాయి.

అపోహ: బట్టే కదా, ప్రమాదమేముంటుంది?

వాస్తవం: 1991లో జపాన్‌లో, కాలిఫోర్నియాలో ఒకేసారి 3,100 గొడుగులు నిలబెట్టారు. ఒక్కొక్కటి 6 మీటర్ల ఎత్తు, దాదాపు 200 కిలోల బరువు. కాలిఫోర్నియాలో పెనుగాలికి ఒక గొడుగు ఊడి వచ్చి ఒక మహిళ చనిపోయింది. వెంటనే రెండు చోట్లా మూసేశారు. జపాన్‌లో గొడుగులు తీసేస్తుండగా కరెంటు తీగ తగిలి ఒక కార్మికుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. మా కుర్రాళ్లకు పని నేర్పేటప్పుడు నేను మొదట చెప్పేది ఈ సంగతే. గాలి లెక్క, కరెంటు తీగల దూరం ఇంజనీరు చూసి సంతకం పెట్టేదాకా ఒక్క గుంజ కూడా పాతనివ్వను.