మూడో ఏడాది తర్వాత జీతం ఎవరిస్తారు?

పోయిన నెల మా పెద్దమ్మను షుగర్ మాత్రల కోసం పీహెచ్‌సీకి తీసుకెళ్లాను. వేలు గుచ్చి చూశారు, పుస్తకంలో అంకె రాశారు, 30 రోజుల మాత్రలు ఇచ్చారు. మొత్తం నాలుగు నిమిషాల పని. పక్కన బరువు చూసే మిషను, గోడకు ఆనించిన ఒక ఖాళీ కుర్చీ. తిండి గురించీ నడక గురించీ చెప్పడానికి ఒకమ్మాయి కూర్చునేదట అక్కడ. ‘మూడేళ్ల ప్రాజెక్టు అయిపోయిందండీ, జీతం లేక మానేసింది’ అంది నర్సు, తర్వాతి చీటీ అందుకుంటూ.

ఆ కుర్చీ వెనక పాతికేళ్ల చరిత్ర ఉంది. అది మొదలైంది అమెరికాలో.

2001 ఆగస్టులో అక్కడి ప్రభుత్వం ఒక పెద్ద అధ్యయనాన్ని అనుకున్నదానికన్నా ఏడాది ముందే ఆపేసింది. ఏదో తేడా కొట్టి కాదు, ఫలితం అంత తేటగా తేలిపోయింది. దాని పేరు డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్, పొట్టిగా డీపీపీ. 27 కేంద్రాలు, 3,234 మంది. అందరూ మనం ‘బోర్డర్‌లో ఉంది’ అంటామే, ఆ స్థితిలో ఉన్నవాళ్లు. ఒంటి బరువులో 7 శాతం తగ్గాలి, వారానికి 150 నిమిషాలు నడవాలి అని లక్ష్యం పెట్టి, వెంటపడి చేయించిన గుంపులో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చిన గుంపులో తగ్గింది 31 శాతమే.

అసలు ఖర్చంతా ఆ ‘వెంటపడి’ అన్న మాటలోనే ఉంది. ఒక్కొక్కరికీ విడిగా ఒక శిక్షకుడు, కూర్చోబెట్టి చెప్పిన 16 పాఠాలు, మధ్యలో ఫోన్లు. మొదటి ఏడాదికే మనిషికి దాదాపు 1,400 డాలర్లయ్యింది. పరిశోధన జరిగినన్నాళ్లూ ఆ డబ్బు ప్రభుత్వ పరిశోధన సంస్థలు పెట్టుకున్నాయి. ఫలితం 2002లో అచ్చయింది. మరి ఊళ్లో మామూలు డాక్టరు దగ్గరికొచ్చే మామూలు మనిషికి ఆ శిక్షకుణ్ని ఎవరు పెడతారు? దానికి పద్దు లేదు.

తెలిసిందానికీ జరుగుతున్నదానికీ మధ్య ఈ ఎడం అప్పటికే అందరికీ కనపడుతోంది. షుగర్‌ను గట్టిగా అదుపులో పెడితే కళ్లూ కిడ్నీలూ నిలుస్తాయని టైప్ 1 రోగుల విషయంలో 1993లో డీసీసీటీ అధ్యయనం చెప్పింది. టైప్ 2 విషయంలో 1998లో బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ చెప్పింది. ఆ రెండింటి తర్వాత, 2003లో రాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థ లెక్క తీస్తే అమెరికాలో షుగర్ రోగులకు అందాల్సిన వైద్యంలో అందుతున్నది 45 శాతమే. అంతకుముందే, 2000లో, బలాస్, బోరెన్ అనే ఇద్దరు ఇంకో లెక్క వేశారు: పరిశోధనలో తేలినదాంట్లో 14 శాతం మాత్రమే రోగి దాకా వస్తుంది, అదీ 17 ఏళ్లకు. ఈ 17 ఏళ్ల మాటను తర్వాత గ్రాంటు దరఖాస్తు రాసే ప్రతివాళ్లూ వాడి వాడి అరగదీశారనుకోండి.

దాంతో కొత్త రకం గ్రాంటు పుట్టింది. కొత్త మందు కనిపెట్టమని కాదు, ఉన్నదాన్ని జనం దాకా ఎలా తీసుకెళ్లాలో కనిపెట్టమని. అమెరికా సర్కారు ప్రజారోగ్య సంస్థ సీడీసీ, షుగర్ పరిశోధన సంస్థ ఎన్‌ఐడీడీకే కలిసి 1998లో ‘ట్రయాడ్’ అనే అధ్యయనానికి డబ్బు పెట్టాయి. దాంట్లో తేలిన సంగతి చేదుగానే ఉంది. పద్ధతిగా నడిచే ఆస్పత్రుల్లో పరీక్షలు వేళకు జరుగుతున్నాయి గానీ, ఆ మేరకు షుగరూ బీపీ దిగిరావడం లేదు. పరీక్ష రాయడం ఒక పని, రిపోర్టు చూసి మందు మార్చడం ఇంకో పని.

అన్నిటికన్నా ఆసక్తికరమైన కథ ఇండియానాపోలిస్‌ది. ఇండియానా యూనివర్సిటీకి చెందిన రొనాల్డ్ అకర్‌మన్, డేవిడ్ మరేరో డీపీపీ పాఠాలను ఆస్పత్రి నుంచి బయటికి తెచ్చి, ఊరూరా వ్యాయామశాలలు నడిపే వైఎంసీఏ అనే స్వచ్ఛంద సంస్థలో పెట్టారు. ఒక్కొక్కరికీ విడిగా కాక గుంపుగా క్లాసు. డైటీషియన్ బదులు శిక్షణ ఇచ్చిన వైఎంసీఏ సిబ్బంది. చిన్న పైలట్ గ్రాంటు, 92 మంది. 2008లో అచ్చయిన ఫలితం ప్రకారం క్లాసుకొచ్చినవాళ్లు 6 శాతం బరువు తగ్గారు, మిగతావాళ్లు 2 శాతం. తలకయ్యే ఖర్చు చాలా దిగింది. 2010లో అమెరికా చట్టసభ దీన్ని జాతీయ కార్యక్రమంగా ఆమోదించింది. 2012లో, ముసలివాళ్లకు సర్కారు ఇచ్చే ఆరోగ్య బీమా అయిన మెడికేర్ వాళ్లు వైఎంసీఏకు 1.18 కోట్ల డాలర్లిచ్చి ముసలివాళ్ల మీద చూడమన్నారు. 15 నెలల్లో మనిషికి 2,650 డాలర్లు మిగిలాయని 2016లో సర్కారు గణకులే తేల్చారు. 2018 ఏప్రిల్ నుంచి మెడికేరే ఈ క్లాసులకు డబ్బు కడుతోంది.

2002 నుంచి 2018. పదహారేళ్లు. అరిగిపోయిన ఆ లెక్క ఒక్క ఏడాది తేడాతో నిజమైంది! అంతా చేసి, మెడికేర్ క్లాసుల్లో చేరినవాళ్లు అనుకున్నదానికన్నా చాలా తక్కువ. పైగా బరువు తగ్గితేనే క్లాసు నడిపేవాళ్లకు పూర్తి డబ్బు, దాంతో చిన్న సంస్థలు అటు తొంగి చూడలేదు.

డబ్బు నేరుగా జనం చేతికే ఇచ్చిన దారి కూడా ఒకటుంది. అమెరికా ఆదివాసుల్లో షుగర్ విపరీతం. 1997లో చట్టసభ వాళ్ల కోసం ఏడాదికి 3 కోట్ల డాలర్ల ప్రత్యేక నిధి పెట్టి, 2004 నాటికి 15 కోట్లకు పెంచింది. కార్యక్రమం నడిపేది తెగలూ వాళ్ల ఆరోగ్య కేంద్రాలే. 1996కీ 2013కీ మధ్య ఆదివాసుల్లో షుగర్ వల్ల కిడ్నీలు పూర్తిగా పాడవడం 54 శాతం తగ్గింది. ఇదంతా ఒక్క ఈ నిధి ఘనతే అనలేం. అయినా అన్నేళ్లు ఆగకుండా వచ్చిన డబ్బు ఏం చేయగలదో చూపించింది. ఆ నిధిని కూడా గడువు ముంచుకొచ్చినప్పుడల్లా మళ్లీ మళ్లీ పొడిగించుకోవాల్సిందే.

మన వైపుకు ఈ రకం గ్రాంటు వచ్చింది 2007లో. ఇంటర్నేషనల్ డయాబెటిస్ ఫెడరేషన్ ‘బ్రిడ్జెస్’ పేరుతో ఒక పథకం పెట్టింది. డబ్బు ఎలై లిల్లీది. ఇన్సులిన్ అమ్మే కంపెనీ డబ్బుతో షుగర్ రాకుండా ఆపడమా అని నవ్వొచ్చినా, అప్పట్లో పేద దేశాల్లో ఈ పనికి డబ్బిచ్చే చేతులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చెన్నైలో అప్పటికే డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 531 మందితో పరీక్ష చేసి, తిండీ నడకా మార్చుకున్నవాళ్లలో షుగర్ రావడం 28.5 శాతం తగ్గిందని 2006లో చూపించింది. బ్రిడ్జెస్ గ్రాంటుతో డాక్టర్ వి. మోహన్ నడిపే మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్, అమెరికాలోని ఎమరీ యూనివర్సిటీ కలిసి 578 మందికి క్లాసులు నడిపాయి. క్లాసులకు షుగర్ లొంగనివాళ్లకు మధ్యలో మెట్‌ఫార్మిన్ కలిపాయి. మూడేళ్లకు తగ్గుదల 32 శాతం.

కేరళలో ఆస్ట్రేలియా ప్రభుత్వ గ్రాంటుతో 60 పోలింగ్ ప్రాంతాల్లో 1,007 మందితో ఇలాంటి ప్రయోగమే చేశారు. షుగర్ రావడంలో తేడా కనిపించింది గానీ, గట్టిగా చెప్పగలిగినంత లేదు. 2018లో దాన్ని ఉన్నదున్నట్టు అచ్చేశారు. నా దృష్టిలో ఇలాంటి ఫలితాలే ఎక్కువ విలువైనవి; బయట పరిస్థితి ఇలాగే ఉంటుంది.

ఇక గోదావరి జిల్లాలు. 20 పల్లెల్లో 30 ఏళ్లు దాటిన 4,535 మందిని పరీక్షిస్తే 13.2 శాతం మందికి షుగర్ ఉందని 2006లో బయటపడింది. షుగర్ పట్నం జబ్బు అనుకునే రోజులవి. తర్వాత జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్లు ఆస్ట్రేలియా గ్రాంటుతోనే పశ్చిమ గోదావరిలో 18 పీహెచ్‌సీల పరిధిలో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చారు. ఇది నేరుగా షుగర్ పని కాదు. బీపీ, గుండె జబ్బు ప్రమాదం లెక్కకట్టి డాక్టరు దగ్గరికి పంపే పని. ఆశాలు ఇంటింటికీ తిరిగారు, ప్రమాదం ఉన్నవాళ్లను గుర్తుపట్టారు. 2019లో వచ్చిన ఫలితంలో మాత్రం బీపీ అదుపులో ఉన్నవాళ్ల శాతం ట్యాబ్‌లు వచ్చిన చోటా ఇంకా రాని చోటా దాదాపు ఒకటే. ట్యాబ్ చేయాల్సింది చేసింది. మనిషి పీహెచ్‌సీకి వెళ్లేసరికి అక్కడ డాక్టరూ మందులూ ఉండాలి కదా.

మన కేంద్రం 2010లో 100 జిల్లాలతో ఎన్‌పీసీడీసీఎస్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది; షుగర్, కేన్సర్, గుండె జబ్బు, పక్షవాతం దాని పరిధి. ఇప్పుడు దేశమంతా ఉంది. ఐసీఎంఆర్ 2023లో చెప్పిన లెక్కలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు, బోర్డర్‌లో ఉన్నవాళ్లు 13.6 కోట్లు. పెద్దమ్మ పుస్తకంలో అంకె రాసి మాత్రలిచ్చేది ఈ ఏర్పాటే, ఉన్నంతలో బాగానే ఇస్తోంది. బోర్డర్‌లో ఉన్న మా పెద్దన్నయ్య ఆవిడ వెనకే నిలబడ్డాడు. ఆయనకు ఇవ్వడానికి మాత్రలు లేవు, చెప్పడానికి కుర్చీలో మనిషి లేదు. గోడ మీద మాత్రం ‘రోజూ 30 నిమిషాలు నడవండి’ అన్న పోస్టరు, ఒక మూల ఊడి వేలాడుతోంది.